బజారుకు వెళ్ళిన సంచి

వంగదేశములో గృహస్థు తెల్లవారగానే సంచి చేతబట్టి బజారుకు బయలుదేరుట తరతరాల ఆచారము. చేపలు, కూరలు ఏ రోజువి ఆ రోజే కొనవలెను. చేప మొప్పలెత్తి చూచి, వంకాయను వేలితో నొక్కి, బేరమాడి మరీ కొనవలెను. ఇంత ముఖ్యమైన పనిని నౌకరుకు అప్పగించుటకు చాలమందికి మనసొప్పేది కాదు. ఆ సంచిని అక్కడ 'థోలే' అంటారు. హిందీవారికి అది 'ఝోలా'. చేపల కొరకు వేరొక సంచి ఉండేది. ఆవనూనెకు సీసా ఇంటినుండియే వెళ్ళేది. పప్పుదినుసులను దుకాణదారు పాత వార్తాపత్రికలతో అంటించిన 'ఠోంగా'లో పోసి ఇచ్చేవాడు. ఆ కాగితము మరునాడు పొయ్యి రాజేయుటకు పనికివచ్చేది. పెరుగు మట్టిపిడతలో వచ్చేది, మిఠాయి ఆకుదొన్నెలో వచ్చేది. అంగడినుండి ఇంటికి వచ్చిన వస్తువులలో మట్టిలో కలియనిది దాదాపు ఉండేది కాదు.

సంచి చేసిన మరొక పని ఎవరి కంటికీ కనబడేది కాదు. అది కొనుగోలుకు హద్దు గీచేది. అందులో ఎంత పట్టునో, చేయి ఎంత మోయగలదో అంతే ఇంటికి చేరేది. సంచి తీసుకొని బయలుదేరినవాడు ఏమి కొనవలెనో ముందే తలచుకొని బయలుదేరేవాడు. అట్లు కొన్నది వృథా కాకుండ చూచుకొను బాధ్యత వంటింటిది. సొరకాయ తొక్కును సన్నగా తరిగి వేయించుట, చేప తలను పప్పులో వేయుట, పనసగింజలను కూర వండుట వంగదేశపు వంటలో నేటికీ ఉన్నవి. అయితే దీనినంతటిని పూర్వుల సుగుణముగా కీర్తించుట న్యాయము కాదు. డబ్బు తక్కువ, ఆహారమును చల్లగా నిలువచేయు సాధనము లేదు, పొదుపు బరువంతా ఇంటి ఆడవారి చేతులమీద పడేది. అవసరము నేర్పిన అలవాటు అది. అవసరము తీరిన నాడు అలవాటు నిలుచునా అన్నదే ప్రశ్న.

వంగదేశము తన ఇంటికే కాక లోకమునకు కూడ సంచి కుట్టిపెట్టినది. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో జనపనార వడకు యంత్రములు నెలకొన్నవి. తరువాత ఆ నదికి ఇరుప్రక్కల మిల్లులు వరుసగా లేచినవి. దేశదేశాల ధాన్యము, కాఫీ, పంచదార ఆ సంచులలోనే ప్రయాణము చేసినవి. ఆంగ్లేయులు వాడిన 'గన్నీ' అను మాటకు మూలము మన 'గోణి'యే. తెలుగువారి 'గోనె' ఆ కుటుంబములోనిదే. ఉత్తరాంధ్రలో నెల్లిమర్ల, చిట్టివలసలలో కూడ గోనెసంచుల మిల్లులు వెలసినవి. ఆ ప్రాంతపు రైతు గోగునార పండించినాడు. 1947లో దేశవిభజన జరిగినప్పుడు మిల్లులు ఒకవైపు, మేలైన జనపనార పండే పొలములు మరొకవైపు మిగిలినవి. ఆ లోటు తీర్చుటకు 1950లో ఢాకా సమీపమున నారాయణ్‌గంజ్‌లో ఆదమ్‌జీ మిల్లు పుట్టినది. ప్రపంచములో అతి పెద్ద జనపనార మిల్లు అని దానికి పేరు వచ్చినది.

ఇంతలో స్వీడన్ దేశపు సెలోప్లాస్ట్ అను సంస్థలో స్టెన్ గుస్టాఫ్ థులిన్ అను ఇంజనీరు ఒకే పాలిథీన్ గొట్టమును మడిచి, అతికించి, కత్తిరించి, పిడులున్న సంచి తయారుచేయు విధానమును కనిపెట్టినాడు. 1965లో దానికి అమెరికాలో పేటెంటు లభించినది. దక్షిణాసియా బజారులను ఆ సంచి ముంచెత్తుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది. దాని రాకతో మారినది సరకు మాత్రమే కాదు, సంచి యెవరిదన్నది. అంతవరకు సంచి కొనువానిది, ఇప్పుడది అమ్మువానిదైనది. కొనువాడు ఒట్టిచేతులతో రావచ్చును. దారిన పోతూ అనుకోనిది కొనవచ్చును. పచ్చిమిరపకాయలకొకటి, కొత్తిమీరకొకటి, చేపకొకటి. ఇంటికి చేరేసరికి అయిదారు సంచులు. హద్దు గీచిన సంచి పోయి, హద్దు చెరిపిన సంచి వచ్చినది.

ఢాకా నగరము దీనికి మూల్యము చెల్లించినది. 1988లోను, 1998లోను వచ్చిన వరదలలో నగరపు కాలువలను పాలిథీన్ సంచులు పూడ్చివేసి, నీరు పోవు దారిని అడ్డగించినవి. చివరకు 2002 జనవరి 1న ఢాకాలోను, మార్చి 1న దేశమంతటను పలుచని పాలిథీన్ సంచులను బంగ్లాదేశ్ నిషేధించినది. ప్రపంచములో ఏ దేశమును అంతకుముందు ఇట్టి నిషేధము విధించలేదు. చరిత్ర ఇక్కడ ఒక విచిత్రము చేసినది. అదే సంవత్సరము జూన్ 30న, నష్టములు భరించలేక, ఆదమ్‌జీ మిల్లు మూతపడినది. వేలాది కార్మికులు వీధిన పడినారు. జనపనార సంచికి పోటీదారును చట్టము బజారునుండి వెళ్ళగొట్టిన నాలుగు నెలలకే, ఆ సంచిని నేసే మహాకర్మాగారము నిశ్శబ్దమైనది. వదలుమన్న దానికి బదులుగా దేనిని చేతబట్టవలెనో నిషేధము చెప్పలేకపోయినది. మొదట కొంతకాలము జనులు పాత సంచులను బయటికి తీసినారు; అధికారుల పట్టు సడలగానే పాలిథీన్ తిరిగివచ్చినది.

భారతదేశపు చట్టములు సంచి మందమును పట్టుకొన్నవి. 1999లో 20 మైక్రానులు, 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 ముగిసేనాటికి 120. ముంబయిలో 2005 జూలై 26న ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరము మునిగినప్పుడు, అక్కడ కూడ కాలువలలోని సంచులమీదనే నింద పడినది. ఈ కొలతలన్నింటిలోను మేలైన మాట 2011 నియమములలో ఉన్నది: దుకాణదారు సంచిని ఉచితముగా ఇవ్వరాదు. వెల ఉన్నదనగానే కొనువాడు ఒక్క క్షణము ఆగి, ఇది నాకు కావలెనా అని తలచును. కాని ఆ నియమము కూడ ఎక్కువగా పుస్తకములలోనే ఉండిపోయినది.

బంగ్లాదేశ్ 2010లో బియ్యము, గోధుమలు, ఎరువులు వంటివాటిని జనపనార సంచులలోనే నింపవలెనని చట్టము చేసినది. 2024 అక్టోబరు 1 నుండి పెద్ద దుకాణములలోను, నవంబరు 1 నుండి కూరగాయల బజారులలోను పాలిథీన్ నిషేధమును మరల అమలునకు తెచ్చినది. పెద్ద దుకాణములో అది అంత కష్టము కాదు. అక్కడి సరకు పొడిది, కొనువాడు కలిగినవాడు. కష్టమంతా చేపల వరుసలో ఉన్నది. నీరోడు చేపను గుడ్డసంచిలో వేయుట కుదరదు, కాగితములో చుట్టుట కుదరదు. ఒకనాటి గృహస్థు చేతనుండిన ఆ రెండవ సంచి అవసరమగుచోటు అదే.