తొట్లకొండ నుంచి భీమిలి దాకా: పేర్లు దాచిన చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగితే, రాజుల యుద్ధాలకన్నా మన పక్కనున్న చరిత్ర రాయడం మేలనిపించింది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మనకు కొత్తది కాదు. మొన్న డిసెంబరులో మా బ్యాచ్ వాళ్లం ఏడుగురం తొట్లకొండ నుంచి భీమిలి దాకా, కొంత రోడ్డు మీద, కొంత ఇసుకలో నడిచాం. పొద్దున మంచు విడవకముందే కొండెక్కి, సాయంత్రానికి గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటుకి చేరాం. దారిలో చూసినవాటి వెనకున్న చరిత్రే ఈ వ్యాసం.

తొట్లకొండ ఎత్తు సుమారు 128 మీటర్లు. నౌకాదళం అవసరాల కోసం జరిపిన విమాన సర్వేలో ఇక్కడి శిథిలాలు కంటపడ్డాయి. 1988–93 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యాలు, భోజనశాల, భిక్షువులుండే 72 గదులు బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ కొండకు సముద్ర వ్యాపారంతో సంబంధం ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కొండ మీద నిలబడి చూస్తే కనుచూపుమేరా నీళ్లే. తాగడానికి మాత్రం చుక్క పనికిరాదు. అందుకే భిక్షువులు కొండరాతిని తొట్లుగా తొలిచి వాన నీరు పట్టుకున్నారు. లోపలివైపునున్న బావికొండ మీదా ఇదే ఏర్పాటు. భీమిలి దగ్గరి పావురాలకొండ మీదా రాతిలో తొలిచిన తొట్లున్నాయి. స్తూపాలకన్నా ముందు వాళ్లు ఆలోచించుకోవలసింది మంచినీళ్ల గురించే.

శాసనాలనుబట్టి తొట్లకొండ పాత పేరు సేనగిరి అయి ఉండవచ్చంటారు. ఆ పేరు జనం నోట మిగల్లేదు. భిక్షువులు వెళ్లిపోయారు, స్తూపాలను మట్టి కప్పేసింది. ఆ తొట్లు ఎవరు తొలిచారో తెలియకపోయినా, వాటిని చూసినవాళ్లు తొట్లకొండ అన్నారు, బావికొండ అన్నారు. తవ్వకాలు జరగకముందే ఆ పేర్లు అసలు సంగతి చెప్పేశాయి.

మేం చలికాలంలో నడవడానికి కారణం ఎండ లేకపోవడమే. పూర్వం ఓడలవాళ్లకు మాత్రం చలికాలమంటే ప్రయాణాల కాలం. ఈశాన్యపు గాలి అందుకుని కళింగ తీరం నుంచి తూర్పు దీవులకు వెళ్లేవారు. ఆ జ్ఞాపకంగానే కటక్‌లో కార్తీక పౌర్ణమికి ఇప్పటికీ బాలి యాత్ర జరుపుతారు.

కొండ దిగి మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం చూశాం. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక తాత, "బస్సులుండగా నడకేటి బాబూ?" అని నవ్వాడు. "చూద్దామని తాతా" అన్నాం.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు. ఇసుక వేల ఏళ్లపాటు పేరుకుని, ఎర్రబారి, వాన కోతకు గండ్లు పడితే ఏర్పడినవి. ఇలాంటివి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

భీమిలిలో డచ్చివారి సమాధులు 17వ శతాబ్దం నాటివి. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికొచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. మన గోంగూర మొక్క నుంచి తీసే గోగునారకు విదేశీ వ్యాపారులు ఈ రేవు పేరే పెట్టి బిమ్లీపటం జూట్ అన్నారు. 1933లో విశాఖ హార్బరు తెరిచాక భీమిలి రేవు వెనకబడింది. చిట్టివలస జూట్ మిల్లు కూడా మూతపడింది. నారకు పెట్టిన పేరు మాత్రం పుస్తకాల్లో మిగిలింది.

పేర్లు మిగిలినంత గట్టిగా రాళ్లు మిగలవు. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపం ఒక పక్క కూలితే మళ్లీ కట్టవలసి వచ్చింది. దిబ్బలు ఒకసారి చదును చేస్తే మళ్లీ కట్టడానికి ఎవరి తరమూ కాదు. ఇప్పుడు పేర్లకూ ముప్పొచ్చింది. కొత్త లే అవుట్లకూ, రిసార్టులకూ ఎక్కడివో పేర్లు పెడుతున్నారు. రేపటి పిల్లలకు అవే చిరునామాలవుతాయి.

అందుకే మన సంఘానికి నాదొక ప్రతిపాదన. ఏటా డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఈ దారిన నడిపిద్దాం. ఖర్చు ఇడ్లీ పొట్లాలు, మంచినీళ్లు, తిరుగు ప్రయాణానికి బస్సు టిక్కెట్లు. పన్నెండు కిలోమీటర్లు నడవలేమనుకునే పెద్దలు తొట్లకొండ దగ్గర జెండా ఊపితే చాలు. సోషల్ టీచర్లు పిల్లలకు ఒక్క పని అప్పగించాలి: దారిలో ప్రతి ఊరికీ, కొండకూ, వాగుకూ ఆ పేరెలా వచ్చిందో అక్కడి పెద్దలనడిగి రాసుకురావడం. పదేళ్లలో మన బడి లైబ్రరీలో పది నోటు పుస్తకాలు చేరతాయి. స్వర్ణోత్సవానికి గుర్తుగా అవి ఉంటే బాగుంటుందని నా ఆశ.