రివిజన్ బేరియాట్రిక్ సర్జరీకి ముందు రెండో అభిప్రాయం

బరువు తగ్గడానికి ఒకసారి ఆపరేషన్ చేయించుకున్నవారిలో కొందరికి ఆశించినంత బరువు తగ్గదు. కొందరికి తగ్గిన బరువు కొన్నేళ్ళకు తిరిగి వస్తుంది. ఇంకొందరికి ఆపరేషన్ వల్లే కొత్త ఇబ్బందులు మొదలవుతాయి. ఇలాంటి పరిస్థితుల్లో మళ్ళీ చేసే శస్త్రచికిత్సను రివిజన్ బేరియాట్రిక్ సర్జరీ అంటారు. దానికి ఒప్పుకునే ముందు, ఆ సలహా ఇచ్చిన సర్జన్‌తో సంబంధం లేని నిపుణుల చేత కేసును మొదటి నుంచి పరిశీలింపజేసుకోవడమే రెండో అభిప్రాయం, అంటే సెకండ్ ఒపీనియన్. ఇందులో అన్నిటికన్నా ముందు తేలాల్సింది మొదటి ఆపరేషన్ ఎందుకు ఫలించలేదన్నది. ఏ ఆపరేషన్ చేయాలి, అసలు చేయాలా వద్దా అన్నవి ఆ జవాబును బట్టే తేలతాయి.

నేపథ్యం

బరువు తగ్గించే శస్త్రచికిత్సల చరిత్రలో రివిజన్ మొదటి నుంచీ ఉంది. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన జెజునో ఇలియల్ బైపాస్‌లో చిన్న పేగులో ఎక్కువ భాగాన్ని ఆహారం తగలకుండా తప్పించేవారు. బరువు బాగా తగ్గేది. కానీ విడవని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్ళు, కాలేయ వైఫల్యం వంటివి రావడంతో ఎంతోమందికి మళ్ళీ ఆపరేషన్ చేసి పేగును పూర్వస్థితికి తేవలసి వచ్చింది. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి నేరుగా పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రవేశపెట్టారు. 1994లో అలన్ విట్‌గ్రోవ్ బృందం దాన్ని లాప్రోస్కోపీ పద్ధతిలో చేసినట్టు ప్రకటించింది. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే సర్దుబాటు బ్యాండ్‌కు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. జారిపోవడం, జీర్ణాశయం గోడను ఒరుసుకుని లోపలికి దిగబడటం, బరువు చాలినంత తగ్గకపోవడం వంటి కారణాలతో చాలామందికి ఆ బ్యాండ్‌ను తీసేయాల్సి వచ్చింది.

ఈనాడు ప్రపంచంలో ఎక్కువగా చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, అరటికాయంత గొట్టాన్ని మిగిల్చే పద్ధతి ఇది. అధిక బరువు వల్ల ఒకేసారి పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేని వారికి, రెండు దశల చికిత్సలో మొదటి దశగా ఇది వాడుకలోకి వచ్చింది. అందువల్ల రెండో ఆపరేషన్ అవసరం పడిన ప్రతిసారీ మొదటిది విఫలమైందని అర్థం చేసుకోనక్కరలేదు. రోగి తప్పు చేశాడని అసలే అనుకోకూడదు.

రివిజన్‌లో రకాలు

రివిజన్‌ను స్థూలంగా మూడు రకాలుగా చూస్తారు. ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మార్చడం మొదటిది. బ్యాండ్‌ను తీసి స్లీవ్ లేదా బైపాస్ చేయడం, స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం దీనికి ఉదాహరణలు. పద్ధతిని అలాగే ఉంచి, అందులో వచ్చిన లోపాన్ని సరిదిద్దడం రెండోది. జీర్ణాశయం, పేగు అతుకు దగ్గర ఏర్పడిన దారిని మూయడం, ఇరుకైన చోటును వెడల్పు చేయడం, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయాటల్ హెర్నియాను బాగుచేయడం ఇందులోకి వస్తాయి. తీవ్ర పోషకాహార లోపం, అదుపులోకి రాని షుగర్ పడిపోవడం వంటి కారణాలతో శరీర నిర్మాణాన్ని వీలైనంతవరకు పూర్వస్థితికి తేవడం మూడోది.

మరో అభిప్రాయం ఎందుకు అవసరం

రివిజన్ మొదటి ఆపరేషన్ కన్నా కష్టమైనది. పొట్టలో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఒకసారి కోసి స్టేపుల్ చేసిన చోట రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. కుట్లు లీక్ కావడం, రక్తస్రావం, మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం వంటి ప్రమాదాలు మొదటిసారి కన్నా ఎక్కువ. ఇక బరువు విషయానికొస్తే, రెండోసారి తగ్గేది సాధారణంగా మొదటిసారి కన్నా తక్కువే. అంటే ప్రమాదం పెరిగి, ప్రయోజనం తగ్గే నిర్ణయమిది. ఇలాంటి నిర్ణయాన్ని ఒక్కరి మాట మీద తీసుకోకపోవడమే మంచిది.

ఐచ్ఛిక శస్త్రచికిత్సలకు రెండో అభిప్రాయం తీసుకునే పద్ధతిని అమెరికాలో 1970లలో కార్నెల్ వైద్యకళాశాలకు చెందిన యూజీన్ మెక్‌కార్తీ వ్యవస్థీకరించారు. ఆపరేషన్ కావాలని ఒకరు చెప్పిన కేసుల్లో కొన్నిటిలో మరో నిపుణుడు దాని అవసరాన్ని ధ్రువీకరించలేదని 1974లో ఆయన బృందం ప్రచురించిన పరిశీలన చూపింది. మాయో క్లినిక్‌కు పంపిన 286 మంది రోగుల రికార్డులపై 2017లో వెలువడిన అధ్యయనంలో మొదటి రోగనిర్ధారణ పూర్తిగా సరిపోయింది 12 శాతం మందికే. 21 శాతం మందికి నిర్ధారణే మారింది. మిగతావారికి మరింత స్పష్టత వచ్చింది. ఈ అంకెలు రివిజన్ రోగులకు సంబంధించినవి కావు. అయినా జటిలమైన కేసును మరొకరు చూడటం వల్ల కలిగే మేలు ఎంతటిదో ఇవి చెబుతాయి.

కారణం తేల్చడం

బరువు తిరిగి పెరగడానికి కారణాలు చాలావరకు నాలుగు చోట్ల ఉంటాయి.

శరీర నిర్మాణంలో: స్లీవ్‌లో జీర్ణాశయం పైభాగం ఎక్కువగా మిగిలిపోవడం, స్లీవ్ సాగిపోవడం, బైపాస్‌లో అతుకు ద్వారం వెడల్పు కావడం, వేరుచేసిన జీర్ణాశయ భాగాల మధ్య దారి ఏర్పడటం. ఎండోస్కోపీ, కాంట్రాస్ట్ మందు తాగించి తీసే ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లతో వీటిని గుర్తిస్తారు.

మందుల్లో, హార్మోన్లలో: ఇన్సులిన్, కొన్ని సల్ఫోనైల్‌యూరియా మందులు, స్టెరాయిడ్లు, ఒలాంజపీన్, మిర్టజపీన్, వాల్ప్రోయేట్ వంటివి బరువును పెంచగలవు. థైరాయిడ్ లోపం, కుషింగ్ సిండ్రోమ్ కూడా చూడాలి. ఒక మందును మారిస్తే సర్దుకునే సమస్యకు కత్తి పట్టడం అన్యాయం.

తిండి అలవాట్లలో, మనసులో: రోజంతా కొంచెం కొంచెంగా తింటూ ఉండటం, తీపి పానీయాలు, మద్యం, అదుపు తప్పి తినే జబ్బు, కుంగుబాటు, నిద్రలేమి. వీటిని పట్టించుకోకుండా పొట్టను మళ్ళీ చిన్నది చేస్తే సమస్య అక్కడే ఉంటుంది.

శరీర స్వభావంలో: బరువు తగ్గాక ఆకలి పెరగడం, శక్తి ఖర్చు తగ్గడం జీవప్రక్రియలో భాగం. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్ళకు బరువు అత్యల్పానికి చేరి, ఆ తర్వాత కొంత పెరిగి స్థిరపడింది. కనుక అయిదారు కిలోలు తిరిగి వచ్చినంత మాత్రాన అది రివిజన్‌కు కారణం కాదు. 'నువ్వు తిన్నావు కాబట్టే ఇలా అయింది' అని రోగిని తప్పుపట్టడం వైద్యం కాదు. ఊబకాయం దీర్ఘకాలిక వ్యాధి. మధుమేహం, రక్తపోటు లాగే దానికీ ఏళ్ళ తరబడి చికిత్స అవసరం కావచ్చు.

స్లీవ్ తర్వాత వచ్చే రిఫ్లక్స్, అంటే జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం, ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సమస్య. ఫిన్లాండ్‌లో 240 మందిపై జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో పదేళ్ళ తర్వాత స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి, బైపాస్ వారిలో 7 శాతం మందికి అన్నవాహికలో వాపు, పుండ్లు కనిపించాయి. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు, రాత్రిపూట దగ్గు మందులకు లొంగకపోతే స్లీవ్‌ను రెండు అతుకులతో చేసే రూ ఎన్ వై బైపాస్‌గా మార్చడం సాధారణ మార్గం. స్లీవ్‌ను మళ్ళీ సన్నగా కత్తిరిస్తే రిఫ్లక్స్ ఇంకా ముదరవచ్చు. ఇలాంటి సందర్భంలో మార్పిడికి ముందు 24 గంటల పీహెచ్ పరీక్ష, అన్నవాహిక కదలికలను కొలిచే మానోమెట్రీ చేయించారో లేదో చూడాలి.

ఎవరిని అడగాలి

రివిజన్ ఆపరేషన్లను తరచుగా చేసే సర్జన్‌ను, వీలైతే వేరే ఆసుపత్రిలో ఉన్నవారిని అడగడం మేలు. ప్రాథమిక స్లీవ్‌లు వందల కొద్దీ చేసిన అనుభవం రివిజన్ అనుభవానికి సమానం కాదు. అయితే మరో సర్జన్ అభిప్రాయం ఒక్కటే చాలదు. ఎండోస్కోపీ చేసే గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు, హార్మోన్లు, మధుమేహం చూసే ఎండోక్రినాలజిస్టు, డైటీషియన్, మానసిక నిపుణుడు ఎవరికి వారు తమ కోణంలో చూడాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, స్లీప్ ఆప్నియా ఉన్నవారిని అనస్తీషియా వైద్యుడు ముందే పరీక్షించాలి. 'సర్జరీ వద్దు' అని చెప్పగలిగిన వైద్యుడు ఈ బృందంలో ఒక్కరైనా ఉండటం రోగికి రక్ష.

వెంట తీసుకెళ్ళాల్సినవి

మొదటి ఆపరేషన్ నోట్స్ అన్నిటికన్నా ముఖ్యం. డిశ్చార్జి సమ్మరీ మాత్రమే ఉంటే చాలదు. స్లీవ్ కొలతకు వాడిన గొట్టం సైజు, బైపాస్‌లో పక్కకు తప్పించిన పేగు పొడవు, హెర్నియా ఉందా, ఆ రోజు ఏమైనా ఇబ్బంది వచ్చిందా అన్నవి అందులోనే ఉంటాయి. ఎండోస్కోపీ రిపోర్టుతో పాటు ఫొటోలు, స్కాన్ సీడీలు, ఆపరేషన్ ముందు నుంచి నేటి దాకా బరువు వివరాలు, వాడుతున్న మందుల జాబితా, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్ ఫలితాలు దగ్గర ఉంచుకోవాలి. మొదటి ఆపరేషన్ వేరే ఊళ్ళోనో విదేశంలోనో జరిగి ఉంటే ఈ కాగితాలను ముందే తెప్పించుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు

• మొదటి ఆపరేషన్ ఫలించకపోవడానికి కారణం ఏమిటి? దానికి ఏ పరీక్ష ఆధారం?
• ఆపరేషన్ లేకుండా ఉన్న మార్గాలేమిటి? వాటితో ఎంతకాలం ప్రయత్నించవచ్చు?
• ఈ ప్రత్యేక రివిజన్‌ను మీరు ఏటా ఎన్ని చేస్తారు? లీక్‌లు ఎన్ని వచ్చాయి?
• ఎంత బరువు తగ్గుతుందని అంచనా? అది మొత్తం బరువులో శాతమా, అదనపు బరువులో శాతమా?
• ఎంత పేగును పక్కకు తప్పిస్తారు? ఎంత మిగులుతుంది?
• లోపలికి వెళ్ళాక అనుకున్నట్టు కుదరకపోతే ఏం చేస్తారు?

నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 120 కిలోలున్న వ్యక్తి అనువైన బరువు 70 కిలోలైతే అదనపు బరువు 50 కిలోలు. 20 కిలోలు తగ్గితే అదనపు బరువులో 40 శాతం తగ్గినట్టు, మొత్తం బరువులో మాత్రం దాదాపు 17 శాతమే. ఇద్దరు వైద్యులు చెప్పిన అంకెలను పోల్చేముందు రెండూ ఒకే కొలతలో ఉన్నాయేమో చూసుకోవాలి.

పేగు పొడవు గురించిన ప్రశ్న శాకాహారులకు, ప్రొటీన్ తక్కువగా తినేవారికి మరీ ముఖ్యం. ఒకే అతుకుతో చేసే బైపాస్‌ను రూ ఎన్ వై బైపాస్‌తో పోల్చిన ఫ్రాన్స్‌లోని యోమెగా అధ్యయనం 2019లో వెలువడింది. బరువు తగ్గడంలో మొదటిది రెండోదానికి తీసిపోలేదు కానీ విరేచనాలు, పోషకాహార లోపాలు మొదటి పద్ధతిలోనే ఎక్కువగా కనిపించాయి. అందులో తప్పించిన పేగు పొడవు 200 సెంటీమీటర్లు.

ఆపరేషన్ కాని మార్గాలు

వెడల్పైన బైపాస్ ద్వారాన్ని ఎండోస్కోపీతో కుట్టి గానీ, ఆర్గాన్ ప్లాస్మాతో కాల్చి గానీ ఇరుకు చేయవచ్చు. మందులు కూడా ఇప్పుడు బలమైన ప్రత్యామ్నాయం. ఆపరేషన్ తర్వాత చాలినంత బరువు తగ్గని 70 మందిపై లండన్‌లో జరిపిన బారి ఆప్టిమైజ్ అధ్యయనం 2023లో వెలువడింది. 24 వారాల్లో లిరాగ్లుటైడ్ తీసుకున్నవారు సగటున 8.8 శాతం, డమ్మీ మందు తీసుకున్నవారు 0.5 శాతం బరువు తగ్గారు. బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్, టిర్జెపటైడ్ 2025లో భారత మార్కెట్‌లోకి వచ్చాయి. వీటి ఖర్చు, వికారం వంటి దుష్ప్రభావాలు, ఆపేస్తే బరువు తిరిగి పెరగడం వంటివి లెక్కలోకి తీసుకోవాలి. అయినా వీటి ప్రస్తావనే లేకుండా నేరుగా ఆపరేషన్ తేదీ ఇస్తే, రెండో అభిప్రాయం తప్పనిసరి అని అర్థం.

ఆగకూడని సందర్భాలు

రెండో అభిప్రాయం కోసం వేచి ఉండటానికి కొన్నిసార్లు వ్యవధి ఉండదు. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరంతో గుండె వేగం పెరగడం, రక్తవాంతులు, నల్లటి విరేచనాలు, నీళ్ళు కూడా దిగకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బైపాస్ తర్వాత పేగు లోపల ఇరుక్కుపోయే హెర్నియా ప్రాణాంతకం కాగలదు. వాంతులు వారాల తరబడి ఉండి తడబాటు, చూపులో తేడా, అయోమయం వస్తే విటమిన్ బీ1 లోపాన్ని అనుమానించి ముందు ఆ విటమిన్ ఎక్కించాలి. ఇది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని ముదరవచ్చు.

అభిప్రాయాలు వేరైనప్పుడు

ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చెబితే ఓటింగు పెట్టి మూడో మాట కోసం తిరగడం పరిష్కారం కాదు. ముందు తేడా ఎక్కడుందో చూడాలి. కారణం విషయంలోనే ఏకీభవించకపోతే మరో పరీక్ష అవసరం. కారణం మీద ఒప్పుకుని పద్ధతిలో తేడా ఉంటే, తనకు రిఫ్లక్స్ తగ్గడం ముఖ్యమా, మధుమేహం అదుపు ముఖ్యమా, బరువు ముఖ్యమా అన్నది రోగి తేల్చుకోవాలి. ఇద్దరు వైద్యులు నేరుగా మాట్లాడుకునేలా చేయగలిగితే చాలా అనుమానాలు తీరతాయి.

హక్కులు, బీమా

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. వాటిని మూడేళ్ళు భద్రపరచాలి. మొదటి ఆపరేషన్ పాతదైతే రికార్డులు దొరక్కపోవచ్చు కనుక ఆపరేషన్ అయినప్పుడే నకళ్ళు తీసుకోవడం మంచిది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం రెండో అభిప్రాయం కోరడాన్ని హక్కుగా పేర్కొంది. ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి, ప్రాణాపాయం లేనప్పుడు, మరో ప్రక్రియకు వర్తించదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. టేబుల్ మీద ప్రణాళిక మారే అవకాశం ఎక్కువగా ఉన్న రివిజన్‌లో ఈ తీర్పు చాలా విలువైనది. ఏయే మార్పులకు తాను ఒప్పుకుంటున్నాడో రోగి ముందే రాతపూర్వకంగా తెలపాలి.

ఊబకాయ శస్త్రచికిత్సకు చెల్లింపుపై బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణిక షరతులు పెట్టింది. వయసు 18 ఏళ్ళు నిండి, బీఎంఐ కనీసం 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో కనీసం 35 ఉండి, ఇతర మార్గాలు ఫలించకపోయి ఉండాలి. ఈ షరతులకు లోబడని ఖర్చును పాలసీ మినహాయించవచ్చు. రివిజన్ కోరేవారి బీఎంఐ ఇప్పటికే కొంత తగ్గి ఉంటుంది కనుక, ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకునే ముందే బీమా సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మరో నిపుణుడు ఇచ్చిన, కారణాన్ని పరీక్షలతో నిరూపించిన అభిప్రాయం ఆ దరఖాస్తుకూ బలమిస్తుంది.