హాషియాలో నిలబడ్డ మనిషి

మా ఉర్దూ మీడియం బడిలో కొత్త కాపీ కొనగానే చేసే మొదటి పని హాషియా గీయడం. స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిల్‌తో, పేజీకి ఒక పక్కన నిలువుగా ఒక గీత. ఆ గీతకి అవతల ఏమీ రాయకూడదు. రాస్తే ఉస్తాద్ చెవి మెలిపెట్టేవారు. ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను, పత్రికలో చేరాను, ఫోటోల కింద క్యాప్షన్లు రాయడం మొదలుపెట్టాను. "ఎడమ నుంచి కుడికి" అని మొదలవుతుంది మా ఇబారత్. పేర్లు తెలిసినంతవరకూ రాస్తాం. తెలియనివాళ్లని "తదితరులు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట ఎంత జాలిమ్ మాటో ఈమధ్య ఒక ఆల్బమ్ చూశాక తెలిసింది.

అది మన దేశపు ఆల్బమ్ కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా నౌకాదళంలో ఫోటోగ్రాఫర్‌గా నౌకరీ చేసిన ఒకాయనది. నల్లటి అట్ట పేజీలు, మూలల్లో కాగితపు పట్టీలతో బిగించిన తస్వీర్లు, కింద తెల్ల సిరాతో రాత. నిండా విమానవాహక నౌకల జిందగీ. నడిసముద్రంలో తేలే పొడవాటి మైదానం, దానిమీద రెక్కల విమానాలు బారులు తీరి ఉంటాయి. ఖలాసీలు టోపీలు పక్కకి వాల్చి నవ్వుతుంటారు. ఒకచోట బాక్సింగ్ పోటీ, ఇంకోచోట భూమధ్యరేఖ దాటిన రోజు ఆడిన నాటకం. ఎవరి ముఖంలోనూ ఫికర్ లేదు. రాబోయే తుఫాను వాళ్లకి తెలియదు, మనకి తెలుసు. పాత ఫోటోలు చూస్తే గుండె బరువెక్కేది అందుకే.

ఈ నౌకల కథ 1922లో మొదలైంది. జూపిటర్ అనే బొగ్గు జహాజ్ మీద చదునైన పైకప్పు వేసి, లాంగ్లీ అని పేరు మార్చి, అమెరికా తన మొదటి విమానవాహక నౌకని తయారుచేసుకుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో దాని మీంచి మొదటి విమానం ఎగిరింది, అదే నెలలో మొదటిది దిగింది. మన హైదరాబాదీ కబూతర్‌బాజ్‌లు వింటే ఖుష్ అయ్యే సంగతి ఒకటుంది. లాంగ్లీ వెనక భాగంలో పావురాల గూడు కూడా ఉండేది. పైలట్లు పావురాలతో పైగామ్ పంపాలని ఇంతిజామ్. ఒకసారి అన్నిటినీ కలిపి వదిలితే అవి జహాజ్‌కి తిరిగిరాకుండా, తాము పెరిగిన నార్‌ఫోక్ రేవుకే ఎగిరిపోయాయని చెబుతారు.

అదే నౌకలో కెమెరా షోకు కోసం కాక సబక్ కోసం పనిచేసింది. విమానం దిగే ప్రతిసారీ చేత్తో తిప్పే మూవీ కెమెరాతో తీసి, తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత చూసుకునేవాళ్లు. అందుకే ఇలాంటి ఆల్బమ్‌లలో నవ్వులతోపాటు ప్రమాదాలు కూడా ఉంటాయి. ముక్కు నేలకి గుచ్చుకున్న విమానం, విరిగిన చక్రం, పరుగెత్తుతున్న మనుషులు. డెక్‌కి అడ్డంగా కట్టిన తీగని విమానం తోకకున్న కొక్కెం పట్టుకుంటే బతుకు, తప్పితే ఖతరా. ఫోటోగ్రాఫర్ ఆ ఖతరా పక్కనే నిలబడి తన పని తను చేసుకునేవాడు.

1927లో లెక్సింగ్టన్, సారటోగా వచ్చాయి. ఇవి మొదట పెద్ద యుద్ధనౌకలుగా మొదలైనవే. 1922 వాషింగ్టన్ ఒప్పందం యుద్ధనౌకల మీద హద్దు పెట్టడంతో విమానవాహక నౌకలుగా మార్చారు. ఒక్కొక్కటి 888 అడుగుల పొడవు. ఈ ఇద్దరు అక్కచెల్లెళ్లని పైలట్లు పోల్చుకోలేక పొరబడకూడదని సారటోగా పొగగొట్టం మీద నల్లటి నిలువు గీత వేశారు. తోకల రంగులతో కూడా పెహచాన్ ఉండేది: 1930ల చివర్లో లెక్సింగ్టన్ విమానాల తోకలు పసుపు, సారటోగావి తెలుపు. నలుపు తెలుపు తస్వీర్‌లో ఆ పసుపు కనిపించదు.

ఈ నౌకలు యుద్ధం లేని రోజుల్లో కూడా ఖాళీగా లేవు. 1929 చివర్లో కరువు వచ్చి టకోమా నగరంలో కరెంటు ఉత్పత్తి పడిపోతే, లెక్సింగ్టన్ రేవులో లంగరు వేసి దాదాపు నెల రోజులు తన యంత్రాలతో ఊరికి కరెంటు ఇచ్చింది. 1932 ఫిబ్రవరి 7, ఆదివారం పొద్దున, ఈ రెండు నౌకల విమానాలు పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాయి. విన్యాసాల్లో భాగంగా చేసిన నకిలీ దాడి అది. అసలు దాడి 1941 డిసెంబర్ 7న జపాన్ చేసింది. అదీ ఆదివారమే. ఉర్దూలో చరిత్రకీ, తేదీకీ ఒకటే మాట, తారీఖ్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడనివాళ్లకి ఏం జరుగుతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక నన్ను ఆపేసిన తస్వీర్ గురించి చెప్తాను. అఫ్సర్ల భోజనాల గది. తెల్లటి మేజాబట్ట, మెరిసే గిన్నెలు, చుట్టూ పదిమంది దొరలు. కింద తెల్ల సిరాతో అందరి పేర్లు వరసగా ఉన్నాయి. ఫోటో కుడి అంచున, తెల్ల కోటు వేసుకుని, చేతిలో పళ్లెంతో ఒక నల్లజాతి యువకుడు. సగం భుజం ఫ్రేము బయటికి పోయింది. అతని పేరు మాత్రం లేదు. అతను హాషియాలో ఉన్నాడు.

అది ఆ ఫోటోగ్రాఫర్ ఒక్కడి కసూర్ కాదు, అప్పటి దస్తూరే అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నేవీ కొత్తగా నల్లజాతివాళ్లని చేర్చుకోవడం దాదాపు ఆపేసింది. వడ్డన పనికి ఎక్కువగా ఫిలిప్పీన్స్ మనుషుల్ని తీసుకుంది. 1930ల మొదట్లో దర్వాజా మళ్లీ తెరిచినా, అది వంటగదికి పోయే దర్వాజా మాత్రమే. అఫ్సర్లకి వడ్డించాలి, పడకలు సర్దాలి, బట్టలు ఉతికించాలి. ఫిరంగి ముట్టుకునే తాలీమ్ లేదు, ఇంజిన్ గది లేదు, కెమెరా లేదు.

కెమెరా అనడానికి కారణం ఉంది. అమెరికా నౌకాదళ విమాన విభాగపు మొదటి ఫోటోగ్రాఫర్ వాల్టర్ రిచర్డ్‌సన్ అసలు ఓడలో బావర్చీ. ఫోటోలు తీయడం ఆయన షౌక్. 1914-15 ప్రాంతంలో పెన్సకోలాలో ఆ షౌక్‌ని అఫ్సర్లు గుర్తించారు, గరిటె పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు. ఆయన తెల్లవాడు. వంటగది నుంచి కెమెరా దాకా దారి ఉందని ఆయన జీవితం చెబుతుంది. ఆ దారి అందరికీ లేదని ఈ తస్వీర్ అంచున నిలబడ్డ కుర్రాడు చెబుతాడు.

ఆ అంచు నుంచి ఒకడు ఫ్రేము మధ్యకి వచ్చాడు. డోరిస్ మిల్లర్, టెక్సస్‌లో కౌలు రైతు కొడుకు. వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకలో మెస్ పనివాడు. 1941 డిసెంబర్ 7 పొద్దున అఫ్సర్ల ఉతుకు బట్టలు పోగుచేస్తుండగా దాడి మొదలైంది. గాయపడిన కెప్టెన్‌ని మోయడానికి సాయం చేశాడు. తర్వాత, ఎవరూ నేర్పని మెషిన్‌గన్ దగ్గర నిలబడి విమానాల మీద కాల్చాడు. మొదట వచ్చిన ప్రశంసల జాబితాలో అతని పేరు లేదు, ఒక నల్లజాతి మనిషి అని మాత్రమే ఉంది. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ ఆ పేరు కోసం వెంటపడింది. 1942 మార్చిలో పేరు లోకానికి తెలిసింది. మే 27న ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌక డెక్ మీద అడ్మిరల్ నిమిట్జ్ తన చేత్తో అతని ఛాతీకి నేవీ క్రాస్ గుచ్చాడు. ఆ ఫోటోలో మిల్లర్ అంచున లేడు.

అయినా పని మారలేదు. 1943 నవంబర్ 24న లిస్కమ్ బే అనే చిన్న విమానవాహక నౌక మునిగినప్పుడు, దాంతోపాటు పోయిన మిల్లర్ అప్పటికీ వంటవాడే. 2020లో అమెరికా నేవీ, తను కట్టబోయే ఒక పెద్ద విమానవాహక నౌకకి డోరిస్ మిల్లర్ పేరు పెడుతున్నట్లు ప్రకటించింది. పేరు దొరకని మనిషి పేరే జహాజ్ పేరైంది. కానీ ఆల్బమ్‌లో పళ్లెం పట్టుకున్న కుర్రాడి పేరు ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి మా ఇంట్లో ట్రంకుపెట్టె తీశాను. నానా తమ్ముడి షాదీ ఫోటో ఒకటుంది. షేర్వానీలు, రూమీ టోపీలు, మధ్యలో సెహ్రా కట్టుకున్న దూల్హా. ఎడమ అంచున దేగ్ పక్కన, చేతిలో కఫ్‌గీర్‌తో ఒకాయన, ముఖం సగమే పడింది. అమ్మీని అడిగాను. అందరి పేర్లూ గబగబా చెప్పింది. ఆయన దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయింది. "నామ్ యాద్ నై ఆరా బేటా. ఉన్కే హాత్ కీ బిర్యానీ యాద్ హై" అంది. ఖాలాకి ఫోన్ చేశాను. ఆమె "బావర్చీ మామూ అనేవాళ్లం కదరా" అంది, అంతకుమించి చెప్పలేకపోయింది. మామూ అని పిలిచినవాళ్లమే పేరు అడగలేదు.

ఇప్పుడు మీ ఇంట్లో కూడా అలాంటి ఫోటో ఉండే ఉంటుంది. పేరు చెప్పగలిగే బుజుర్గులు ఉన్నప్పుడే అడగండి. మాకు ఆలస్యమైంది. నేను ఫోటో వెనక్కి తిప్పి, మెత్తటి పెన్సిల్‌తో, ఎడమ నుంచి కుడికి రాయడం మొదలుపెట్టాను. ఎడమ అంచున ఆయనే ఉన్నారు కాబట్టి మొదటి పేరు ఆయనదే: బావర్చీ మామూ, అసలు పేరు మేము అడగలేదు.