బడి వెలుపల నేర్చినదానికి కొలత

బాలసంఘములు, వేసవి శిబిరములు, సాయంకాలపు చదువులు మనకు క్రొత్తవి కావు. వీనిలో పరీక్షలుండవు, పట్టాలుండవు. మరి పిల్లలకు నిజముగా మేలు కలిగినదో లేదో తెలిసికొనుట ఎట్లు? "పిల్లలు సంతోషముగా వచ్చుచున్నారు గదా" అని చాలమంది సమాధానము. ఇది చాలదని అమెరికాలో జరిగిన ఒక ప్రయోగము తెలిపినది.

మసాచుసెట్స్ రాష్ట్రమున, బోస్టన్ నగరము ప్రక్కన కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను పట్టణములు కలవు. అచటి పేదపేటల బాలురు చెడుదారి పట్టకుండ కాపాడవలెనని రిచర్డ్ కాబట్ అను వైద్యుడు ఒక కార్యక్రమమును తలపెట్టెను. మందు వాడినవారిని వాడనివారితో పోల్చినగాని మందు గుణము తెలియదు. ఆ సూత్రమునే ఇచటను పాటించిరి. వయస్సు, తెలివి, కుటుంబస్థితి మున్నగువానిలో సరితూగు బాలురను జతలుగా కూర్చిరి. నాణెము నెగురవేసి ప్రతి జతలో ఒకనికి మాత్రమే సహాయము చేసిరి.

1939లో ఆరంభమైన సహాయము 1945లో ముగిసినది. సలహాదారులు నెలకు రెండేసి మారులు బాలుర ఇండ్లకు పోయిరి. సగముమందికి పైగా చదువు చెప్పించిరి; నాల్గవవంతు మందిని వేసవి శిబిరములకు పంపిరి.

ముప్పది యేండ్ల తరువాత జోన్ మకార్డ్ అను పరిశోధకురాలు 253 జతల, అనగా 506 మంది జాడ తీసెను. సహాయము పొంది, ఆమె ప్రశ్నలకు బదులు వ్రాసినవారిలో మూడింట రెండువంతులమంది తమకు మేలు కలిగినదనిరి. కాని న్యాయస్థానముల, ఆసుపత్రుల దాఖలాలు వేరు కథ చెప్పినవి. సహాయము పొందినవారిలోనే మరల మరల నేరము చేసినవారు, త్రాగుడుకు లోబడినవారు హెచ్చుగా నుండిరి. ఈ ఫలితములు 1978లో ప్రకటితమైనవి. ఒకటికంటె ఎక్కువ మారులు శిబిరములకు పోయినవారికి కీడు హెచ్చుగా కలిగినదని పిమ్మటి పరిశీలనలో తేలినది. దుడుకు బాలురు ఒకచోట చేరి ఒకరి చేష్టల నొకరు మెచ్చుకొనుట ఇందుకు కారణము కావచ్చునని ఆమె తలంచెను.

పోల్చి చూచు ఈ పద్ధతితోనే మన దేశమున చదువునుగూడ కొలిచిరి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005–06లో ప్రథమ్ సంస్థ చేసిన కృషిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మున్నగువారు 280 గ్రామములలో పరిశీలించిరి. కొన్ని గ్రామములలో యువకులు బడివేళల వెలుపల పఠన శిబిరములు నడిపిరి. ప్రతి పిల్లవానిచేత అక్షరము, పదము, చిన్న కథ చదివించి చూచిరి. అక్షరమే రాని పిల్లలలో శిబిరమునకు వచ్చినవారు ఎంతో ముందుకు పోయిరి. అయితే పిల్లలలో నూటికి 8 మంది మాత్రమే వచ్చిరి. వచ్చినవారు నేర్చినదెంత, రానివారెందరు అను రెండు ప్రశ్నలును అవసరమేనని దీనివలన స్పష్టమైనది.

పిల్లలు కాలముతోబాటు తమంతట తామే కొంత నేర్తురు. కనుక విజ్ఞాన సంఘము నడపు ఉపాధ్యాయుడు మొదటిదినమున పిల్లలు చేయగలిగినదానిని వ్రాసి యుంచుకొని, కడపట అదే పనిని మరల చేయించి చూడవలెను. సంఘమున చేరని అట్టి పిల్లలచేతను చేయించవలెను. ఆ తేడాయే సంఘము నేర్పినదానికి కొలత.