శేషాచలం కొండల్లో పేరిత

చిత్తూరు నుంచి వచ్చే దారి పూతలపట్టు దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి పీలేరు, రాయచోటి మీదుగా కడపకు పోతుంది. రెండోది చంద్రగిరి మీదుగా తిరుపతికి. ఎటు వెళ్లినా చివరికి ఎదురయ్యేది ఒకే కొండల వరుస. తిరుపతి వైపు దాన్ని శేషాచలం అంటాం, కడప వైపు పాలకొండలు అంటాం. ఈ కొండలనగానే ఎర్రచందనం గుర్తొస్తుంది. అంతకన్నా అరుదైన చెట్టు అక్కడే ఉంది. పేరిత దాని పేరు, మదనకామాక్షి అని కూడా అంటారు. శాస్త్రనామం సైకాస్ బెడ్డోమీ. ఈ తిరుమల, కడప కొండలే దానికి పుట్టిల్లు.

మంచుకొండల ఫర్ చెట్టుకు ఇది దూరపు చుట్టం. రెండింటికీ పువ్వు లేదు, కాయ లేదు. విత్తనం కాయలో మూసుకుని ఉండదు. అందుకే వీటిని వివృతబీజాలంటారు. హిమాలయ ఫర్ చెట్టు మనకు మరీ కొత్తదేం కాదు. దగ్గుకు వాడే తాలీసాది చూర్ణంలో పడే తాలీసపత్రం ఆ చెట్టు ఆకే. కానీ అది దాదాపు 2,500 మీటర్లకు పైన, ఏటా మంచు కురిసే చోట బతుకుతుంది. తిరుమల ఊరి ఎత్తు 850 మీటర్ల చిల్లర. దక్షిణాదిన సహజంగా పెరిగే, ఫర్ లాంటి శంకువృక్షం ఒకే ఒక్కటి, అదీ పశ్చిమ కనుమల తడి అడవుల్లో. రాళ్లు కాలే మన ఎండు కొండల మీద ఆ పాత వంశం పేరు నిలబెడుతున్నది పేరితే.

చూడ్డానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది కాబట్టి చాలామంది దాటిపోతారు. మనిషెత్తు దాటేది తక్కువ. నీడ దట్టంగా ఉన్న చోట కాక, బోద గడ్డి, పొదలు, క్వార్ట్‌జైటు బండలు కలిసిన బయలు వాలుల్లో నిలుస్తుంది. మూడు అడుగుల దాకా సాగే ఆకుకు సన్నని ఈనెల్లాంటి రెబ్బలు, వాటి అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. పేరితను గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. ఎండకు నీరు ఆవిరైపోకుండా ఆ ముడత కాపాడుతుంది. సారం లేని రాతినేలలో ఎరువు ఎక్కడిదంటే, సైకాస్ జాతి వేళ్లలో పగడంలా చీలిన కొన్ని వేళ్లుంటాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తాయి. వేసవిలో గడ్డి అంటుకుని వాలు మొత్తం తగలబడినా, రాలిన ఆకుల మొదళ్లు పేరుకున్న కాండం లోపలి మొగ్గను కాస్తుంది. ఆకులు మాడిపోతాయి, నడినెత్తి నుంచి కొత్త చిగురు లేస్తుంది. పసి మొలకలకు మాత్రం ఆ కవచం ఉండదు.

ఈ చెట్టు పేరులో ఉన్నది రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1830లో పుట్టిన ఆంగ్లేయుడు, మద్రాసు సైన్యంలో అధికారి. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖను మొదలుపెట్టిన హ్యూ క్లెగార్న్ దగ్గర సహాయకుడిగా చేరి, తర్వాత 1882 దాకా ఆ శాఖకు తానే పెద్దయ్యాడు. దక్షిణ భారత వృక్షాల మీద, ఫెర్న్‌ల మీద బొమ్మలతో గ్రంథాలు తెచ్చాడు. పాములన్నా బల్లులన్నా అంతే ఇష్టం. తిరుమల బండల సందుల్లో మెరిసే బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి చెప్పిందీ ఆయనే. ఆయన సేకరించిన పేరిత నమూనాను లండన్‌లో పరిశీలించి, 1883లో ఆయన పేరే పెట్టినవాడు థిసెల్టన్ డయ్యర్, ఆ తర్వాత అక్కడి క్యూ వృక్షోద్యానానికి డైరెక్టర్. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉండేది. మన జిల్లా ఏర్పడిన 1911లోనే బెడ్డోమ్ కన్నుమూశాడు. పేరు ఆయనకు దక్కినా, అంతకుముందే ఈ చెట్టుకు తెలుగు పేరు పెట్టి, మందుగా వాడుకున్న కొండవాసుల చూపు నాకు ఏమాత్రం తక్కువగా అనిపించదు.

పేరితను రాక్షసబల్లుల కాలం చెట్టు అని రాస్తుంటారు. సగమే నిజం. వంశం అంతకన్నా పాతది, నిజమే. కానీ నేడున్న సైకాడ్ (సైకాస్, దాని చుట్టాల) రకాల్లో ఎక్కువ భాగం సుమారు కోటీ ఇరవై లక్షల ఏళ్ల కిందటి నుంచే విడివిడిగా ఏర్పడ్డాయని 2011లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. అసలు పాతదనం సంతాన పద్ధతిలో ఉంది. సైకాస్ పురుష కణాలు నాచు, ఫెర్న్‌లలో లాగా ఈదుకుంటూ అండాన్ని చేరతాయి. జపాన్‌లో ఇకెనో అనే శాస్త్రవేత్త 1896లో దీన్ని కనిపెట్టాడు. ఫర్ చెట్టు ఆ ఈత ఎప్పుడో మానేసింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991 సవరణతో మొక్కల జాబితా ఒకటి చేరింది. దేశం మొత్తానికి అప్పుడు అందులో చేరినవి ఆరే పేర్లు, ఒకటి పేరితది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో సైకాస్ జాతి మిగతా రకాలు రెండో అనుబంధంలో ఉంటే, ఇది కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. ఇన్ని కాపలాలున్నా ఈ చెట్టు అంతరించే ప్రమాదంలోనే ఉంది.

కారణం మగ శంకువు. పేరితలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ చెట్టు నడినెత్తిన పెద్ద మొక్కజొన్న పొత్తంత శంకువు నిలువుగా లేస్తుంది. అది బలానికి, యౌవనానికి మంచిదన్న నమ్మకంతో కోసి మూలికల వ్యాపారులకు అమ్ముతారు. కాండం నరికి లోపలి బెండు తీసేవాళ్లూ ఉన్నారు. శంకువు కోసిన చెట్టు చావకపోవచ్చు, పక్క మొగ్గతో మళ్లీ పెరుగుతుంది. కానీ పుప్పొడి రాలకముందే దాన్ని కోస్తే ఆ వాలులోని ఆడ చెట్లకు ఆ ఏడు పుప్పొడి అందదు. అవి మెత్తని నూగు కప్పిన రెబ్బల అంచున అండాలు పెట్టి ఎదురుచూసినా, మొలిచే విత్తనం కట్టదు. మగ చెట్ల శంకువులన్నింటినీ ఏటా ఇలాగే కోస్తూ పోతే, పైకి పచ్చగా నిలబడ్డ పేరిత గుంపు కింద ఒక్క చిన్న మొక్కా దొరకదు.