వైలిమా: సమోవాలో స్టీవెన్సన్ కుటుంబం

పసిఫిక్ మహాసముద్రంలోని ఉపోలు దీవిలో, సమోవా ముఖ్య రేవైన అపియాకు సుమారు 5 కిలోమీటర్ల ఎగువన, వేయా కొండ పాదాన ఉన్న వైలిమా ఎస్టేటును స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1890లో కొనేనాటికి అది 300 ఎకరాలకు పైబడిన దట్టమైన అడవి. బాల్యం నుంచి ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడిన ఈ రచయిత ఆరోగ్యం కోసమే అక్కడ స్థిరపడ్డాడని సాధారణంగా చెబుతారు. అది నిజమే అయినా, ఆ నాలుగేళ్ల జీవితానికి అసలు రూపమిచ్చింది ఆయన వ్యాధి కాదు, ఆయన కుటుంబం.

1887లో తండ్రి మరణించాక స్టీవెన్సన్ బ్రిటన్‌ను విడిచి అమెరికా చేరాడు. మరుసటి ఏడు తల్లి మార్గరెట్, భార్య ఫానీ, ఆమె మొదటి వివాహపు కుమారుడు లాయిడ్‌లతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో 'కాస్కో' అనే తెరచాప ఓడ ఎక్కి మార్కెసస్, తహితి దీవుల మీదుగా హవాయి చేరి, అక్కడి రాజు కలాకువాతో స్నేహం చేశాడు. 1889 డిసెంబరులో సమోవాలో దిగినప్పుడు అక్కడే ఉండిపోవాలన్న సంకల్పం ఆయనకు లేదు. చల్లని సీమలకు వెళ్లిన ప్రతిసారీ వ్యాధి తిరగబెట్టడంతో క్రమంగా ఆ నిర్ణయం స్థిరపడింది. మధ్యలో స్కాట్లండుకు తిరిగి వెళ్లి, అక్కడి నుంచి తెచ్చుకున్న సామానుతో తల్లీ, తన కుమారుడు ఆస్టిన్‌తో ఫానీ కుమార్తె ఇసబెల్ కూడా వచ్చి చేరాక వైలిమా నాలుగు తరాల ఇల్లయింది. తోటల పెంపకమంతా ఫానీ చూసుకొనేది. చేతికి నొప్పి వచ్చి రాయలేని రోజుల్లో స్టీవెన్సన్ చెబుతుంటే ఇసబెల్ రాసేది. లండనులోని మిత్రుడు సిడ్నీ కాల్విన్‌కు ఆయన వరుసగా పంపిన లేఖలు ఈ దినచర్యకు నేటికీ ముఖ్యాధారం.

సమోవా సమాజానికి పునాది 'ఐంగా', అంటే రక్తసంబంధులూ ఆశ్రితులూ కలిసి ఒకే పెద్ద మాటకు కట్టుబడి ఉండే విస్తృత కుటుంబం; ఆ పెద్దను 'మతాయి' అంటారు. పనివారి తగవులు తీర్చడం, తప్పుచేసినవారికి జరిమానా వేయడం, సాయంకాలం అందరినీ చేర్చి సమోవా భాషలో ప్రార్థన జరిపించడం వంటి పనులవల్ల స్టీవెన్సన్ స్థానికుల కళ్లకు ఒక మతాయిగానే కనిపించి ఉండాలి. ఆయన మీద వారికి కలిగిన నమ్మకాన్ని పుస్తకాల కీర్తికన్నా ఈ ఇంటి తీరే బాగా వివరిస్తుంది.

ఆ నమ్మకం ఆయనను రాజకీయాల్లోకి కూడా లాగింది. 1889 బెర్లిన్ ఒప్పందంతో జర్మనీ, బ్రిటన్, అమెరికాలు సమోవాపై ఉమ్మడి పెత్తనం ఏర్పరచి, మలియెటోవా లౌపెపాను రాజుగా గుర్తించి, ప్రజల్లో గొప్ప ఆదరణ ఉన్న మతాఫాను పక్కన పెట్టాయి. విదేశీ అధికారుల అసమర్థతను ఎండగడుతూ స్టీవెన్సన్ లండను 'టైమ్స్' పత్రికకు లేఖలు రాశాడు. 1892లో 'ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ' అనే గ్రంథంలో ఆ కలహాల చరిత్రను వివరంగా నమోదు చేశాడు. సాహస కథల రచయితగానే ఆయనను ఎరిగిన పాఠకులు ఈ గ్రంథాన్ని తప్పక చదవాలి, ఎందుకంటే చిన్న దేశంపై పెద్ద రాజ్యాలు చేసిన అన్యాయాన్ని అక్కడే నివసిస్తూ, దేశబహిష్కారం ముప్పు ఎదురైనా వెనుదీయక నిలదీసిన రచన అది.

1893లో జరిగిన యుద్ధంలో మతాఫా ఓడి ప్రవాసానికి పంపబడ్డాడు. ఆయన పక్షపు నాయకులు అపియా చెరసాలలో పడ్డారు. స్టీవెన్సన్ కుటుంబం వారిని చూడబోయి ఆహారం, పొగాకు, విందు మర్యాదలకు వాడే 'కవ' అనే వేరు పానీయం అందించింది. 1894లో విడుదలైన ఆ నాయకులు కృతజ్ఞతగా వైలిమా ఇంటికి తమ మనుషులతో, తమ తిండితో, కూలి ఆశించకుండా ఒక బాట వేశారు. పన్నుల తర్వాత సమోవాలో తిరుగుబాట్లకు ఎక్కువ కారణమయ్యేది బాటల పనేనని స్టీవెన్సనే గమనించాడు; ఆ దేశంలో దీనికి మించిన గౌరవం ఊహించడం కష్టం.

ఆ ఏడు డిసెంబరు 3న, 44 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో ఆయన మరణించాడు. ఆయన కోరిన విధంగా వేయా శిఖరాన ఖననం చేయడానికి సమోవన్లు రాత్రికి రాత్రే అడవి నరికి దారి చేశారు. తర్వాత ఫానీ ఎస్టేటును ఒక జర్మన్ వర్తకుడికి అమ్మింది. 1899లో జర్మనీ, అమెరికాలు సమోవా ద్వీపాలను పంచుకోగా పశ్చిమ భాగం జర్మనీ చేతికి వచ్చి, ఆ ఇల్లు జర్మన్ గవర్నరు నివాసమైంది. 1914లో సమోవాను ఆక్రమించిన న్యూజీలాండు పాలకులకు, 1962 స్వాతంత్ర్యం తర్వాత సమోవా దేశాధినేతకు కూడా అదే నివాసమైంది. 1990ల ఆరంభపు తుఫానుల్లో దెబ్బతిన్న ఆ భవనాన్ని పునరుద్ధరించి, రచయిత శతవర్ధంతి ఏడైన 1994లో మ్యూజియంగా తెరిచారు.