క్లబ్బులు, బార్లలో వస్త్రధారణ నియమాలు

క్లబ్బులు, పబ్బులు, బార్లు, నైట్ క్లబ్బులు వంటి చోట్ల ప్రవేశించేవారు ఏ దుస్తులు ధరించవలెనో, ఏవి ధరించరాదో నిర్ణయిస్తూ ఆయా సంస్థలు ఏర్పరచుకొన్న కట్టుబాట్లను వస్త్రధారణ నియమాలు అంటారు. వాడుకలో 'డ్రెస్ కోడ్' అన్న మాటే ఎక్కువగా వినబడుతుంది. ఇవి ప్రభుత్వం చేసిన శాసనాలు కావు, సంస్థ తన గుమ్మం వద్ద అమలు చేసుకొనే షరతులు మాత్రమే. భారతదేశంలో ఈ నియమాల మీద వచ్చిన వివాదాలలో ముఖ్యమైనవి పంచెకట్టుకు, పాదరక్షలకు సంబంధించినవి.

పుట్టుక

దుస్తులను చూసి మనిషిని లోపలికి పంపడమో, వెనుకకు పంపడమో చేసే ఆచారం ఇంగ్లండులో చాలకాలంగా ఉన్నది. 19వ శతాబ్ది ఆరంభంలో లండనులోని ఆల్మాక్స్ నృత్యశాలకు మోకాళ్ళ వరకు ఉండే లాగు బదులు పంట్లాము తొడుగుకొని వచ్చిన వెల్లింగ్టన్ డ్యూకును సైతం గుమ్మం వద్దనే ఆపివేశారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. నేటి క్లబ్బులలో తప్పనిసరియైన పంట్లామే ఆనాడు నిషిద్ధ వస్త్రం కావడం ఇందులోని విశేషం.

ఈ ఆచారం ఆంగ్లేయులతోపాటు మనదేశానికి వచ్చినది. కలకత్తాలో బెంగాల్ క్లబ్ 1827లో, మద్రాసులో మద్రాస్ క్లబ్ 1832లో వెలసినవి. తెలుగు ప్రాంతాలకు వస్తే సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, విశాఖపట్నంలోని వాల్తేరు క్లబ్ 1883 నాటిది. సైనికాధికారులు, దొరలు తమ కాలక్షేపం కొరకు ఏర్పరచుకొన్న ఇటువంటి క్లబ్బులలో కోటు, టై, బూట్లు సహజంగానే నియమాలైనవి. స్వాతంత్ర్యానంతరం సభ్యులు మారారు గాని, నియమాల పుస్తకం చాల చోట్ల అదే వేగంతో మారలేదు.

నియమాల స్వరూపం

పాత క్లబ్బులలో మగవారికి కాలరు గల చొక్కా, పంట్లాము, మేజోళ్ళతో బూట్లు ఉండవలెనని సాధారణంగా నిర్దేశిస్తారు. మెడ గుండ్రంగా ఉండే టీషర్టు, పొట్టి లాగు, లుంగీ, రబ్బరు చెప్పులు నిషిద్ధాలు. 'జాతీయ వస్త్రధారణ' పేరుతో బంద్‌గలా కోటు, షేర్వాణీ వంటివి చాల చోట్ల అంగీకరిస్తారు. దేశంలో కోట్లమంది కట్టే పంచె ఈ 'జాతీయ' పట్టికలో అనేక క్లబ్బులలో చేరకపోవడం విచిత్రమే.

నగరాలలోని పబ్బులలో 'స్మార్ట్ క్యాజువల్' అన్న మాట కనిపిస్తుంది. దీనికి కచ్చితమైన నిర్వచనం లేదు. జీన్సు ప్యాంటు, శుభ్రమైన చొక్కా, మూసి ఉండే బూట్లు సరిపోతాయని స్థూలంగా అర్థం చేసుకొనవచ్చును. అస్పష్టత ఉన్నందున తుది నిర్ణయం గుమ్మం వద్ద నిలబడే కాపలాదారునిదే అవుతుంది. బెర్లిన్ నగరంలోని బెర్గైన్ వంటి నైట్ క్లబ్బులు ఏ కారణమూ చెప్పకుండానే మనిషిని వెనుకకు పంపుతాయి.

ఆడవారికి చీర, సల్వార్ కమీజు మన క్లబ్బులలో సాధారణంగా అడ్డు కావు. అయినప్పటికీ 2021 సెప్టెంబరులో ఢిల్లీలోని ఒక రెస్టారెంటు చీర కట్టుకొన్న మహిళను లోపలికి రానీయలేదన్న ఆరోపణ దేశమంతటా చర్చనీయాంశమైనది. అంతకుముందు 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో అతిథిగా భోజనానికి వచ్చిన ఒక ఖాసీ మహిళను, ఆమె ధరించిన సంప్రదాయ జైన్సెమ్‌ను చూసి, పనిమనిషి వలె ఉన్నదంటూ లేచి వెళ్ళమన్నారు. ఇక్కడ అభ్యంతరం నిజానికి బట్టకు కాదు, ఆ బట్టను బట్టి ఊహించుకొన్న అంతస్తుకు.

పంచెకట్టు వివాదం

1988లో ప్రసిద్ధ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌ను పాదరక్షలు లేవన్న కారణంతో బొంబాయిలోని విల్లింగ్డన్ క్లబ్ లోనికి అనుమతించలేదు. ఆ సంఘటన పత్రికలలో వార్తగా మిగిలినది. మద్రాసులో జరిగిన మరొక సంఘటన మాత్రం శాసనానికి దారితీసినది.

2014 జూలై 11న చెన్నైలోని తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణ సభ ఏర్పాటైనది. పుస్తక రచయిత విశ్రాంత న్యాయమూర్తి టి.ఎస్. అరుణాచలం. సభకు పంచెకట్టుతో వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంథామన్‌ను, అదే కట్టుతో వచ్చిన ఇద్దరు న్యాయవాదులను సిబ్బంది అడ్డగించారు. శాసనసభలో పార్టీల భేదం లేకుండా నిరసన వ్యక్తమైనది. ముఖ్యమంత్రి జయలలిత ప్రభుత్వం అదే సంవత్సరం ఆగస్టులో చట్టం తెచ్చినది. దాని ప్రకారం వినోద క్లబ్బులు, సంఘాలు, ట్రస్టులు మొదలైనవి పంచె గాని, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గాని ధరించిన కారణంగా ఎవరి ప్రవేశాన్నీ నిరాకరించరాదు. ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు కావచ్చును. బాధ్యులకు ఏడాది వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఈ శిక్షలలో క్లబ్బులు ఎక్కువగా భయపడవలసినది లైసెన్సు రద్దుకే.

ఈ చట్టం తమిళనాడు సరిహద్దు దాటి వర్తించదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం దుకాణాలు, హోటళ్ళు, రెస్టారెంట్లు, వినోదస్థలాలలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరినీ అడ్డగించరాదని చెబుతున్నది. దుస్తుల ప్రస్తావన అందులో లేదు. 2014 ఏప్రిల్‌లో ట్రాన్స్‌జెండర్ల హక్కులపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, మనిషి తన లింగ గుర్తింపును దుస్తుల ద్వారా వ్యక్తం చేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని పేర్కొన్నది. అయితే ఆ తీర్పు క్లబ్బు గుమ్మం గురించినది కాదు.

శ్రీకాకుళం జిల్లాలో

పలాస, టెక్కలి పట్టణాలలోని సాధారణ బార్లలో లుంగీ కట్టి, భుజాన తువ్వాలు వేసుకొని వెళ్ళినా అడిగేవారుండరు. అక్కడ అడగవలసినది వయస్సు ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మరాదు. నౌపడ ఉప్పు మడులలో పనిచేసేవారికి గాని, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల రైతులకు గాని వస్త్రధారణ నియమం సొంత ఊళ్ళో ఎదురుకాదు. చదువుకో, ఉద్యోగానికో విశాఖపట్నం, హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళిన పిల్లలకు, వారు పిలిచిన శుభకార్యాలకు వెళ్ళే పెద్దలకు ఎదురవుతుంది.

ఇదే జిల్లాలోని పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేతితో వడికి నేసే సన్నని ఖద్దరు పంచెలు దేశమంతటా పేరుపొందినవి. అటువంటి పంచె ఖరీదు మామూలు పంట్లాము ఖరీదుకంటె చాల ఎక్కువ. అయినా దానిని కట్టుకొన్న పెద్దమనిషి ఆగిపోయే గుమ్మంలో మామూలు పంట్లాము తొడిగినవారు సులువుగా లోపలికి వెళ్ళగలరు.

అతిథి దుస్తులు నియమానికి సరిపడకపోతే సాధారణంగా ఆయనను ఆహ్వానించిన సభ్యుడినే క్లబ్బు బాధ్యునిగా ఎంచుతుంది. అందుచేత క్లబ్బులో విందు ఏర్పాటు చేసేవారు ఆహ్వానపత్రికలోనే నియమాన్ని తెలుగులో అచ్చువేయడమో, పంచెకట్టుకు అనుమతి ఉన్నదో లేదో కార్యాలయంలో ముందుగా వ్రాతపూర్వకంగా తెలుసుకొనడమో చేయవలెను. ఒకే క్లబ్బులో ఆరుబయట జరిగే విందుకు ఒక నియమం, లోపలి బారుకు, భోజనశాలకు మరొక నియమం ఉండవచ్చును.